అన్నీ వీపులే

"మొహం కావాల చెల్లెమ్మా" అన్నాడు రంగనాయకులు.

అతను పత్రికా విలేకరి. మార్కాపురం బస్టాండు ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడి, నాగమల్లేశ్వరి రాసుకొచ్చిన రెండు పేజీలూ చదివాడు. పది తప్పి బడి మానేసిన మనిషి రాత. అక్షరాలు పెద్దవిగా, గుండ్రంగా ఉన్నాయి.

"బాగా రాసినావు. గంజాయికి అలవాటు పడినోడు రోగి, దొంగ కాదు, జైలుకు కాదు ఆస్పత్రికి పంపండి అన్నావు. బాగుంది. కానీ పేరు మార్చి, మొహం మసక చేసి పంపితే ఆఫీసులో చింపి పారేస్తారు. ఒక్క కుటుంబం అసలు పేరుతో, ఫోటోతో మాట్లాడాల. ఐదుకల్లా పంపు. అరపేజీ ఉంచుతా."

"ఐదా? ఇప్పుడే మూడయింది కదన్నా."

"రేపు పెద్దాఫీసర్లు మన ఆస్పత్రి చూసేదానికి వస్తుండారు. పొద్దున పేపర్లో చూస్తేనే వార్డు సంగతి ఎత్తుతారు. ఎల్లుండి వేసి ఏం లాభం?"

గిద్దలూరు నుంచి దోర్నాల దాకా, నాగమల్లేశ్వరితో కలిపి వాళ్లు తొమ్మిదిమంది. జీతం లేదు, ఆఫీసు లేదు. ఫోన్లలో వీడియోలు తీస్తారు. పేపర్లకు ఉత్తరాలు రాస్తారు. ఒక్క పొట్లంతో దొరికిన పిల్లల మీద కేసులు పెట్టకుండా వైద్యం చేయించాలని, దానికి మార్కాపురం ఆస్పత్రిలోనే ఒక వార్డు తెరవాలని వాళ్ల మొర. మాట్లాడేందుకు ఒప్పుకున్న తల్లులు, పెళ్లాలు అందరూ కెమెరాకు వెనక్కి తిరిగే కూర్చున్నారు. ఏడాదిగా తీసినవన్నీ వీపులే.

నాగమల్లేశ్వరి ఎండలో బయలుదేరింది.

మొదటి ఇంట్లో పిచ్చమ్మ తలుపు సగమే తెరిచింది. "మా చిన్నోడికి మిలిటరీ సెలక్షన్లుండాయి. అన్న గంజాయోడని తెలిస్తే తీసుకుంటారా? నువ్వు మా గడప ఎక్కినట్టు కూడా ఎవురికీ చెప్పొద్దు."

రెండో ఇంట్లో ఏసురత్నం, పలకల ఫ్యాక్టరీ దుమ్ము తలంతా పట్టి ఉండగానే, "మావోడా? మావోడు బంగారం" అన్నాడు. ఆ బంగారం వేపచెట్టు కింద ఎర్రటి కళ్లతో నేల చూస్తూ కూర్చుని ఉంది.

మూడో ఇల్లు కృష్ణవేణమ్మది. కొడుకు వంశీ నాలుగు నెలలుగా జైల్లో ఉన్నాడు. ఆమె వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"రెండేళ్ల బిడ్డ తల్లివి. ఈ ఎండలో ఏంది నీకీ తిరుగుడు?"

"అన్నం తినిపించి పండబెట్టి వచ్చినా పెద్దమ్మా."

"లేచి బయటికొస్తేనో?"

"కాలికి చీర ముడేసి మంచంకోడుకు కట్టేసినా. రోడ్డు పక్క ఇల్లు మాది. గడప దాటితే ఇంక నా చేతిలో ఉండదు."

"మొగుడు చూసుకోడా?"

"హైదరాబాదులో ఉండాడు. డ్రైవింగు."

కృష్ణవేణమ్మ నవ్వింది. "మా వంశీనీ అట్లే కట్టేసి కలుపుకు పోయేదాన్ని. ఏడ్చి ఏడ్చి ఆడనే పడి నిద్రపోయేవాడు." చేతిలో మిరపకాయ తొడిమ తీయకుండానే బుట్టలో వేసింది. "కట్టేసినన్నాళ్లే వాడు నా బిడ్డ."

నాగమల్లేశ్వరి వచ్చిన పని చెప్పింది. ముసలామె మిరపకాయల బుట్ట పక్కకు జరిపింది.

"పోయినవారం చూసేదానికి పోయినా. నిద్ర పట్టడంలేదు, మందేమన్నా ఇప్పించమ్మా అన్నాడు. ఎవుర్ని అడగాల నేను?"

"ఆ మాటే చెప్పు పెద్దమ్మా. నన్ను కాదు, ఫోన్ వంక చూసి చెప్పు."

కృష్ణవేణమ్మ మొహం తుడుచుకుంది. జుట్టు సర్దుకుంది. "నా పేరు కృష్ణవేణమ్మ. నా కొడుకు..." అని ఆగిపోయింది. కొంగు మొహం మీదికి లాక్కుంది.

"వద్దు తల్లీ. వాడి మొహం, నా మొహం ఒకటే. నన్ను చూసినోళ్లు వాడ్ని గుర్తుపడతారు. బయటికొచ్చినాక రాళ్లు మోసే పని కూడా ఇయ్యరు."

"ఒక్క నిమిషం పెద్దమ్మా. వార్డు వస్తే ఇంకో వంశీ జైలుకు పోడు."

"నీ ఇంట్లోవాడైతే ఇట్ల ఊరికి చూపిస్తావా?"

నాగమల్లేశ్వరి ఫోన్ దించింది.

ఆమెను చూసి కృష్ణవేణమ్మకే జాలేసింది. "పో తల్లీ. లేచి ఏడుస్తుంటాడు."

దారిలో ఇంకో రెండు తలుపులు కొట్టింది. ఒకటి తెరుచుకోలేదు. ఇంకోటి తెరుచుకుని, ఆమెను చూసి మూసుకుంది.

సరిగ్గా ఐదుకు రంగనాయకులు ఫోన్ చేశాడు.

"ఏమయింది చెల్లెమ్మా?"

"ఎవురూ ఒప్పుకోలేదన్నా. వీపు ఫోటోలు చానా ఉండాయి. అవి పంపేదా?"

"వీపులు ఎవురు చదువుతారు? నువ్వేం చేస్తావులే. ఎరువుల దుకాణం ప్రకటన ఒకటుంది. ఆ జాగాలో అది వేస్తారు."

నాగమల్లేశ్వరి దాదాపు పరుగెత్తుకుంటూ ఇల్లు చేరింది. తాళం తీసేసరికి లోపల ఏడుపు ఆగి వెక్కిళ్లు మిగిలాయి. మంచం పక్కన కూలబడి, కాలికి బిగుసుకుపోయిన చీర ముడిని పళ్లతో లాగి విప్పింది.

"నా పేరు ఎవురికీ చెప్పలేదు కదా మల్లీ" అన్నాడు, కొడుకును కనిగిరిలో అమ్మమ్మ దగ్గరికి పంపేసినప్పటి నుంచీ, నెలగా ఆ మంచం మీదే ఉంటున్న ఆమె మొగుడు శరత్‌చంద్ర.