రెండో బండి

పైపు మీద ఎవరిదో చెయ్యి పడింది.

ఫైర్ ఆఫీసర్ తల తిప్పి చూశాడు. మాసిన చొక్కా, నడివయసు, పొగకి ఎర్రబడ్డ కళ్ళు. తన మనిషి కాదు.

"ఎవడ్రా నువ్వు? వదులు."

"ఇటు తిప్పండి సార్, ఈ మేడ మీదికి. పైన ముసలమ్మ ఉంది."

ఆఫీసర్‌కి ఒళ్ళు మండింది. అసలు పొద్దుటి నుంచీ మండుతూనే ఉంది.

స్టేషన్‌లో బళ్ళు రెండు, డ్రైవర్ ఒక్కడు. రెండో బండి కొత్తది. కొన్నవాళ్ళు రిబ్బన్ కత్తిరించి, ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ అది కవర్ కప్పుకుని నిద్రపోతోంది. దాన్ని నడిపే మనిషి ఏడని ఆ ఉదయమే హెడ్డాఫీసుకి ఫోన్ చేసి అడిగాడు.

"బళ్ళ పద్దు వేరు, జీతాల పద్దు వేరండీ. ఆ పద్దులో డబ్బుంది, కొన్నాం. ఈ పద్దులో లేదు. మమ్మల్నేం చెయ్యమంటారు?" అన్నాడు అక్కడి పెద్దమనిషి, తాపీగా.

తాంబూలాలిచ్చేశాం, తన్నుకు చావండి అన్నట్టు.

ఆరుగురు రావాల్సిన బండిలో నలుగురొచ్చారు. ఆఫీసర్, డ్రైవర్, పైపు పట్టే ఇద్దరు. అంతమందితో ఒక్క పైపే నడుస్తుంది.

మంటలేమో రెండు చోట్ల. కుడి పక్క పరుపులు కుట్టే రేకుల షెడ్డు. ఎడమ పక్క అద్దె మేడ. మధ్య సందులో కరెంటు తీగ తెగిపడి రెంటికీ అంటుకుంది. దూది కదా, షెడ్డు భగభగమంటోంది. మేడకి మెట్ల దగ్గర మంట. కిటికీల్లో అలికిడి లేదు. పట్టపగలు, అద్దెకున్నవాళ్ళంతా పనులకి పోయారు. పైన ఎవరైనా ఉన్నారా అని అడిగితే, ఫోన్లెత్తి వీడియో తీస్తున్న జనంలో ఒక్కడికీ తెలియదు.

"షెడ్డు మీద కొట్టండి," అన్నాడు ఆఫీసర్.

ఆ మనిషి పైపు వదల్లేదు.

"దండం పెడతాను సార్. ఆవిడ నడవలేదు. ఆయాసం మనిషి, అరవనైనా అరవలేదు."

ఈ పాట ఆఫీసర్‌కి కొత్త కాదు. నిప్పంటుకుంటే ప్రతివాడూ తన ఇంటివైపే పైపు లాగుతాడు. లోపల మా అమ్మ ఉందంటాడు. కిందటిసారి ఆ మాట నమ్మి తలుపు పగలగొట్టి చూస్తే, లోపల ఉన్నది కొత్త ఫ్రిజ్. ఈలోగా పక్కిల్లు బూడిదైంది.

"నీ ఇల్లు బంగారం, పక్కోడిది బొగ్గూనా?"

జేబులో ఫోన్ మోగింది. హెడ్డాఫీసు. మనుషుల్ని పంపుతున్నారేమోనని ఆశపడి తీశాడు.

"రేపటి సభలో ఆ కొత్త బండి నిలబెట్టాలట. శుభ్రంగా కడిగించి ఉంచండి."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఫోన్‌లో ఉన్నవాణ్ణి ఒక్క మాట అనే ధైర్యం ఆఫీసర్‌కి లేదు. అత్త మీద కోపం దుత్త మీద తీరింది. ఎదురుగా ఉన్నవాడి చెంప ఛెళ్ళుమంది.

అతను తూలాడు. పైపు మాత్రం వదల్లేదు.

"ఇంకోటి కొట్టండి సార్. కానీ ఇటు తిప్పండి."

పైపు పట్టినవాళ్ళలో పెద్దవాడు గొణిగాడు. "కొట్టినా వదలట్లేదంటే నిజమేనేమో సార్."

"తిప్పండి," అన్నాడు ఆఫీసర్ పళ్ళు కొరుకుతూ. "అబద్ధమైతే వీణ్ణి ఆ మంటల్లోకే తోస్తా."

అబద్ధం కాదు. పైగదిలో మంచం పక్కన నేలమీద పడి ఉంది ముసలమ్మ. ఊపిరి ఆడుతోంది. పైపువాళ్ళిద్దరూ మెట్ల దగ్గర మంటని ఆపుతుంటే, మోయడానికి ఇంకో మనిషి లేక, అతనే ఆవిడని వీపున వేసుకుని దించాడు.

పైపు మళ్ళీ షెడ్డు వైపు తిప్పేసరికి ట్యాంకులో నీళ్ళు అయిపోయాయి. రేకులు కూలాయి. కుట్టుమిషన్లు, పరుపులు, దూది మూటలు అన్నీ కలిసి ఒకే కుప్ప.

అతను కాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు.

ప్రాణం దక్కిన సంతోషం కన్నా షెడ్డు పోయిన కోపమే ఎక్కువగా ఉంది ఆఫీసర్‌కి. రెండో బండి కదిలుంటే రెండూ దక్కేవి. ఆ మాట అనిపించుకోవాల్సినవాళ్ళు ఫాన్ల కింద కూర్చున్నారు. మళ్ళీ ఇతనే దొరికాడు.

"మీ అమ్మ దక్కింది, నీకేం. ఆ షెడ్డువాడి పొట్ట కొట్టాం. రేపు వాడొచ్చి నా కాలర్ పట్టుకుంటే ఏం చెప్పను?"

"పట్టుకోడు లెండి," అన్నాడతను.

చెంప తడుముకుంటూ, జనంలోంచి దారి చేసుకుని వెళ్ళిపోయాడు.

అంబులెన్స్‌లో ముసలమ్మ కళ్ళు తెరిచింది. ఆఫీసర్ కాస్త చల్లబడి తలుపు దగ్గరికొచ్చాడు.

"మీ అబ్బాయి మహా మొండివాడమ్మా. పిలిపించనా?"

"నాకు కొడుకులెక్కడున్నారు నాయనా?"

"మరి మిమ్మల్ని మోసుకొచ్చినతను?"

ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదికి జారాయి. మాటకీ మాటకీ మధ్య ఆయాసపడుతూ చెప్పింది.

"దూది దుమ్ముకి ఊపిరాడట్లేదు, నీ షెడ్డు తగలబడిపోనూ అని పొద్దున్న నేను తిట్టింది అతన్నే."