మచ్చలేని వీడియో

“ఆపమ్మా, ఆపు! ఇది ఆపరేషనా, కుస్తీనా?”

జూనియర్ డాక్టర్ వీడియో ఆపింది. తెర మీద పిత్తాశయం సగం ఊడి వేలాడుతోంది, చుట్టూ రక్తం. పెద్ద సర్జన్ ముఖం అంతకన్నా ఎర్రగా ఉంది. ఆయన గొంతు లేస్తే వార్డు చివరి మంచం మీదున్న పేషెంటు కూడా లేచి కూర్చుంటాడు. అందుకే కుర్ర డాక్టర్లు ఆయన్ని చాటుగా ‘గర్జన్‌గారు’ అంటారు.

కొత్త డాక్టర్లకు చూపించడానికి మంచి ఆపరేషన్ వీడియో ఒకటి ఎంచాలి. వెతికి తెచ్చే పని ఆమెది, తేల్చే పని ఆయనది. మొహమాటం లేకుండా చెబుతారని పేర్లూ గొంతులూ తీసేసి తెచ్చింది.

“రక్తం వచ్చింది నిజమే సర్. ఎలా ఆపారో కూడా ఉంది కదా?”

“ఎలా ఆపాడు? కంగారుపడి, తడుముకుని! పేషెంటు బతికాడా?”

“నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు సర్.”

“అదృష్టవంతుడు. రెండోది పెట్టు.”

రెండోది వెన్నలో చాకు దిగినట్టు సాగిపోయింది. రక్తపు చుక్క లేదు. వెనకాల సన్నగా వీణ కూడా మోగుతోంది. గర్జన్‌గారు కుర్చీలో వెనక్కి వాలి తలాడించారు.

“చెయ్యి అంటే ఇదీ!”

“కానీ కష్టమైన చోటల్లా కత్తిరించేశారు సర్. రేపు మన పిల్లల చేతుల్లో రక్తం చిమ్మితే, ఇది చూసినవాళ్ళు ఏం చేస్తారు? వీణ వింటారా?”

ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. “ఆ మొదటిదాన్ని తెగ వెనకేసుకొస్తున్నావ్. కొంపదీసి నీదా?”

“అయ్యో, నాది కాదు సర్.” ఆమె తల వంచుకుంది.

ఆయనకు జాలేసింది. గొంతు కాస్త తగ్గించారు.

“సర్లే. రెండోదే ఖాయం. అది చేసినాయన్ని పిలిపించు, పిల్లలకి పాఠం ఆయన చేతే చెప్పిద్దాం. ఆ మొదటివాడెవడో కనుక్కో. కొన్నాళ్ళు వాణ్ణి కత్తి ముట్టుకోనివ్వొద్దని వాళ్ళ పెద్దకి నేనే ఫోన్ చేస్తా.”

“ఇద్దరు లేరు సర్. రెండూ ఒకే ఆపరేషన్. మొదటిది ఉన్నదున్నట్టు. రెండోది మన ఆసుపత్రి ప్రచారం వాళ్ళు కత్తిరించి, వీణ కలిపి ఇంటర్నెట్‌లో పెట్టినది.”

గర్జన్‌గారు కుర్చీలో ముందుకు వంగారు. తెర వంక చూశారు. ఆమె వంక చూశారు.

“ఎవడమ్మా ఆ ఘనుడు?”

“మీరే సర్.”