ఈతకొలనుకు పసుపు కుంకుమ

దాచేపల్లి క్వారీ యజమాని, ఎనభై మూడు ఎలక్షన్లప్పుడు అతిథుల కోసమని తోటలో కట్టించిన ఈతకొలను అది. ఇప్పుడు ఆయన భార్య అలివేలమ్మ పూడ్పిస్తోంది. నీళ్ళు తోడేసరికి పాచి, చచ్చిన కప్పలు, బ్రాందీ సీసాలు బయటపడ్డాయి. కంపుకు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

నెత్తిన మట్టి తట్టతో వచ్చిన కూలి పున్నమ్మ గట్టు మీదే ఆగిపోయింది.

"అమ్మా, నీళ్ళు నిలిచిన తావు పూడ్చేముందు గంగమ్మకి పసుపు కుంకుమ ఇయ్యాల. ముత్తైదువ చేత్తో ఇయ్యాల. లేకపోతే ఇంటాయనకి మంచిది కాదు."

"ఈ కక్కుల గుంటలో గంగమ్మ ఏందే?" అంటూనే అలివేలమ్మ లోపలికెళ్ళి పసుపు, కుంకుమ భరిణె తెచ్చింది. పసుపు చల్లింది. చిటికెడు కుంకుమ తీయబోతూ కిందికి చూసింది. సీసాల పక్కన పాచిలో ఎర్ర గాజుల ముక్కలు, ఒక జడపిన్ను. తనెప్పుడూ ఆ నీళ్ళలో కాలు పెట్టలేదు.

భరిణె మొత్తం గుంటలోకి బోర్లించింది.

"రేపు బొట్టుకన్నా ఉంచుకోలేదేందమ్మా?" అంది పున్నమ్మ.

వరండాలోంచి భర్త కాఫీ తెమ్మని కేకేశాడు.

అలివేలమ్మ ముక్కు మీది కొంగు తీసి, దాంతోనే నుదుటి బొట్టు తుడిచేసింది.

"కుమ్మరించవే తట్ట. ఇంక బొట్టుతో నాకు పని లేదు."