ఎర్రగళ్ళ తువ్వాలు

భరణి బుగ్గల మీద బొబ్బలు లేచాయి.

అద్దంలో చూసుకుని పిల్ల ఏడవలేదు. తల్లి నీలవేణే ఏడ్చింది.

"ఏటే ఇది? పిల్ల మొగానికేటి పూసినావే?" అత్తగారు సూర్యకాంతం వంటింట్లోంచి వచ్చింది.

"నానేటి పూస్తానత్తా? కొండకాడ ఆ తువ్వాలమ్మే, తెల్లమందేదో రాస్తాది."

"అందుకే మొదట్నించీ సెప్తన్నాను. ఆడపిల్లకి కొండలెక్కడమేటి? రేపట్నించి మాన్పించీ!"

మాన్పించడం అన్న మాటకి నీలవేణి పిల్లని దగ్గరికి లాక్కుంది.

కొత్తవలస అవతల, వాళ్ళ ఊరి కొండ మీద వేసవిలో పిల్లలకి నిలువు బండలెక్కడం నేర్పుతున్నారు. భరణి బల్లిలా పాకేస్తుంది. నీలవేణి చదువు ఏడో తరగతిలోనే ఆగిపోయింది. కూతురైనా ఎక్కడా ఆగకూడదని ఆమె పంతం.

ఆ పంతం పుట్టింది ఒక బొమ్మ చూసి. పకోడీ పొట్లం కట్టొచ్చిన పేపరు ముక్క అది. మంచుకొండ కొసన జెండా పట్టుకున్న మనిషి. నల్ల కళ్ళద్దాలు, తెల్లటి పళ్ళు. 'మన శ్రీకాకుళం ఆడపడుచు' అన్నంత వరకే మిగిలింది. పేరున్న చోట నూనె నాని చిరిగిపోయింది.

దాన్ని బీరువా తలుపుకి అంటించి, రోజూ పొద్దున్నే కూతుర్ని దాని ముందు నిలబెట్టి జడ వేసేది. నల్లబడకుండా బుగ్గలకింత నిమ్మచెక్క రుద్ది, "ఇలాగవ్వాల నువ్వు" అని కొండకి పంపేది.

తువ్వాలమ్మ కొండ దగ్గర పిల్లల నడుముకి తాళ్ళు కట్టే మనిషి. ఆమె అసలు పేరు ఎవరూ అడగలేదు. మండుటెండలోనూ పొడుగు చేతుల చొక్కా. కళ్ళు తప్ప ముఖమంతా ఎర్రగళ్ళ తువ్వాలు, దాని మూలన ఆకుపచ్చ మాసిక. పిల్లలు ఎక్కేముందు ముక్కుకీ, బుగ్గలకీ, చెవులకీ, చివరికి గడ్డం కింద కూడా ఎండకి కాలకుండా తెల్లమందు రాసేది.

"గెడ్డం కిందకి ఎండెలాగొస్తాదమ్మా?" అని నీలవేణి ఒకసారి నవ్వింది.

"బండ తిరగ్గొడతాది తల్లీ. ఎండ అప్పుడేటీ అనదు. ఏళ్ళు పోయాకొచ్చి అడుగుతాది."

ఇప్పుడా మాట గుర్తొచ్చి నీలవేణి ఒళ్ళు మండిపోయింది.

'దాని మొగం దాసుకుని, నా కూతురి మొగం కాల్సీసినాదా? దాని మొగమూ పదిమందీ సూడాల!'

పిల్లని ఈడ్చుకుంటూ కొండ దగ్గరికి నడిచింది. వెనకే సూర్యకాంతం.

"ఏటి రాసినావే నా పిల్లకి?"

"సూడనీ అమ్మా."

తువ్వాలమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. భరణి గడ్డం పట్టుకుని బుగ్గ దగ్గరికి వంగింది. గట్టిగా ఊపిరి పీల్చింది. తలెత్తి నీలవేణి వైపు చూసింది. తర్వాత, నడుం మీద చెయ్యేసుకుని నిలబడ్డ సూర్యకాంతం వైపు చూసింది.

"మాటాడవేటి? ముసుగులోంచి మాట రాదా?"

నీలవేణి తువ్వాలు పట్టి లాగేసింది.

ముక్కు ఒక పక్క లేదు. కోసి కుట్టిన మచ్చ చెంప దాకా పాకి ఉంది.

ఎవరో పిల్ల కెవ్వుమంది. ఎవరో నవ్వారు.

"సూసినారా? ఇలాటి మొగంతో మన పిల్లలకి మందు రాస్తన్నాది!" నీలవేణి మందు డబ్బా తీసి ముళ్ళపొదల్లోకి విసిరేసింది.

కొండెక్కడం నేర్పే మురళీమోహన్ పరిగెత్తుకొచ్చి ఏదో చెప్పబోయాడు. తువ్వాలమ్మ చెయ్యెత్తి ఆపింది.

"తప్పు నాదే. నా మందే పిల్లకి పడనేదు," అంది సూర్యకాంతంతో. "నానెల్లిపోతాను పెద్దమ్మా. పిల్లని మాత్రం మాన్పించకండి."

సూర్యకాంతం నడుం మీది చెయ్యి దించింది. "నువ్వు పోతే మాకేటి? పంపుతాం."

ఎండ నడినెత్తి మీదుంది. తువ్వాలమ్మ అరచేతులతో ముఖం కప్పుకుని రైలు స్టేషను వైపు నడిచింది. తువ్వాలు నీలవేణి గుప్పిట్లోనే ఉండిపోయింది. ఆమె అడగలేదు. ఈమె ఇవ్వలేదు.

ఆ మధ్యాహ్నం నీలవేణికి ఉత్త చారన్నం కూడా రుచిగా ఉంది.

సాయంత్రం పక్కింటి నర్సు కుమారి వచ్చింది. సూర్యకాంతం పాలకి వెళ్ళింది.

"బుగ్గలకేటి రాసినావు నీలవేణీ?"

"నానేటీ రాయనేదక్కా. నిమ్మసెక్క, అంతే. నల్లబడకుండా."

"నిమ్మసెక్క రాసి ఎండలోకి పంపినావా? ఆ రసం మీద ఎండ పడితే కాలిపోతాదే! ఇదిగో, ముక్కు సూడు, గెడ్డం సూడు, మందు రాసిన కాడ ఎంత సుబ్బరంగున్నాదో. బుగ్గలే ఉడికిపోనాయి."

"బుగ్గలకీ రాస్తాది కదా ఆ యమ్మ?"

"నువ్వే తుడిసీమన్నావు కదమ్మా," అంది భరణి. "మందుంటే నిమ్మరసం పన్జెయ్యదన్నావు."

నీలవేణి వంగి పిల్ల బుగ్గ వాసన చూసింది. ఇంకా నిమ్మవాసనే.

కొండ దగ్గర ఇలాగే వాసన చూశాక తువ్వాలమ్మ తలెత్తి తనవైపు చూసిన చూపు గుర్తొచ్చింది. అక్కణ్ణుంచి అత్తగారి వైపు తిరిగిన చూపూ గుర్తొచ్చింది.

తువ్వాలు పట్టుకుని స్టేషనుకి పరుగెత్తింది. మధ్యాహ్నం బండి ఎప్పుడో వెళ్ళిపోయిందన్నారు.

ఇంటికొచ్చి, తువ్వాలు ఉతికి, మడత పెట్టి, దాచడానికి బీరువా తలుపు మీద చెయ్యేసింది.

రోజూ చూసే బొమ్మే. మంచుకొండ కొసన, ముక్కూ బుగ్గలూ ఎండకి వదిలేసి నవ్వుతున్న ఆ శ్రీకాకుళం ఆడపడుచు మెడలో ఎర్రగళ్ళ తువ్వాలు, దాని మూలన ఆకుపచ్చ మాసిక.