మంగళవారం మారిన రూలు

“మీ దగ్గరున్న లైసెన్సులు తొమ్మిది. ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు పద్దెనిమిది మంది. అంటే సగం మంది దొంగతనంగా వాడుతున్నట్టేగా,” అన్నాడు రస్సెల్.

గదిలో మౌసుల చప్పుడు ఆగిపోయింది. సువా రేవు పక్కనున్న ఆ పడవల యార్డులో డిజైన్లు గీసేవాళ్ళంతా తలలు తిప్పి వసితి వైపు చూశారు. లైసెన్సుల వ్యవహారం చూసేది ఆవిడే. రస్సెల్ ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున తనిఖీకని ఆ పొద్దునే బ్రిస్బేన్ నుంచి దిగాడు.

“ముందు టీ తాగండి. చల్లారిపోతోంది,” అంది వసితి.

“టీ తర్వాత. ఇది తేలకపోతే సాయంత్రానికి మీ డిజైన్లేవీ తెరుచుకోకుండా ఆపేయాలి. అది నా చేతిలో లేదు.”

మేనేజరు ఎపెలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. కందవు దీవి వాళ్ళ పాత ఫెర్రీ మూలపడి మూడు నెలలైంది. జబ్బు చేసినవాళ్ళు కూడా చిన్న పడవల్లోనే సముద్రం దాటుతున్నారు. కొత్త ఫెర్రీకి రేకులు కోసే పని నిన్ననే మొదలైంది. డిజైను తెరుచుకోకపోతే ఆ కోత అక్కడికక్కడే ఆగిపోతుంది.

“రోజూ బైబిలు చదివినట్టు ఆ లైసెన్సు రూల్సే చదువుతావు గదమ్మా. చదివి చదివి చివరికి తేల్చింది ఇదా?” అన్నాడు గొంతు తగ్గించి.

“మీరు కాస్త కూర్చోండి మోమో,” అంది వసితి. యార్డులో చిన్నాపెద్దా అందరికీ ఎపెలి మోమోనే, అంటే మేనమామ. ఆయన కూర్చోలేదు. ఆవిడ రస్సెల్ వైపు తిరిగింది. “మీరు చెప్పేది జనవరి రూలండీ, మనిషికొక లైసెన్సు. ఏప్రిల్లో దాన్ని మార్చారు. రెండు షిఫ్టులు నడిచేచోట ఒక లైసెన్సు ఇద్దరు వాడుకోవచ్చన్నారు.”

“జూన్లో అది తీసేశాం,” అన్నాడు రస్సెల్ కొంచెం గర్వంగా.

“తీసేశారు. మొన్న మంగళవారం మళ్ళీ పెట్టారు.”

“మంగళవారమా?”

“మధ్యాహ్నం. ఎవరికీ చెప్పలేదు లెండి. నలభై ఒకటో పేజీలో, అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.”

రస్సెల్ లాప్‌టాప్‌లో ఆ పేజీ తీశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు తెరకు ఆనించినంత పని చేశాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

“బుధవారం హోనియారాలో ఒకాయన్ని దీని మీదే చెడామడా కేకలేసి వచ్చాను,” అని గొణిగాడు.

వెనక బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఎపెలి ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అయినా రస్సెల్ వదిలే మనిషి కాదు. “ఇద్దరూ ఒకే సమయంలో వాడకూడదని కూడా ఉంది, చూశారా? మీ పొద్దుటి షిఫ్టు రెండున్నరకి దిగుతుంది. రెండో షిఫ్టు రెండింటికే ఎక్కుతుంది. ఆ అరగంటా ఇద్దరూ ఉంటారుగా?”

“ఉంటారు. పని అప్పగించాలి కదండీ. ఒకరు చేసి చూపిస్తారు, ఇంకొకరు పక్కన నిలబడి చూస్తారు.”

“చూడటం కూడా వాడటమే.”

“అలాగైతే పొద్దుట్నుంచీ మీరూ మా తెరలే చూస్తున్నారు. మరి మీకు లైసెన్సు ఉందా?”

ఈసారి గదంతా నవ్వింది. రస్సెల్‌కీ నవ్వాగలేదు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి కప్పు పక్కన పెట్టాడు.

“మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని నాకేం సరదా కాదమ్మా. కానీ దీనికి రెండు రకాలుగానూ అర్థం తీయొచ్చు. నా ఇష్టమొచ్చినట్టు రాస్తే రేపు నా ఉద్యోగం ఊడుతుంది. సిడ్నీలో మా రూల్స్ విభాగం ఉంది. ఇవి రాసేది వాళ్ళే. వాళ్ళు ఊ అంటే ఇక్కడే సంతకం పెట్టేస్తాను. కాదంటే సాయంత్రం ఆపేస్తాను. సరేనా?”

“సరే,” అంది వసితి. పైకి నవ్వుతూనే ఉంది గాని, ఆ అరగంట గురించి ఆ పేజీలో ఒక్క ముక్క కూడా లేదని ఆవిడకు తెలుసు.

రస్సెల్ ఫోను చెవికి ఆనించుకుని సంగతంతా చెప్పాడు. అవతలివాళ్ళు చెప్పింది విన్నాడు. అతని కనుబొమలు పైకి లేచాయి.

“ఏమంటున్నారు?” అన్నాడు ఎపెలి కుర్చీ అంచుకు జరిగి.

“అక్కడావిడ ఆగమంటోంది. రూలు రాసింది తనే అయినా ఈ అరగంట సంగతి తనకీ తెలీదట,” అన్నాడు రస్సెల్ నెమ్మదిగా. “కంపెనీ బయట స్నేహితురాలెవరో ఉందట. రెండేళ్ళుగా ఏ చిక్కొచ్చినా ఆవిడనే అడుగుతోందట. ఆవిడ ఏది చెప్తే అదే రూలట.”

ఎపెలి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అప్పుడే వసితి ఫోను మోగింది. చేసింది స్నేహితురాలు కొరాలీ.

“ఇప్పుడు కాదు కొరాలీ, చాలా పనిలో ఉన్నాను,” అంది వసితి.

“ఒక్క ముక్క చెప్పి పెట్టెయ్ తల్లీ,” అంది అవతలి గొంతు. “షిఫ్టు మారే అరగంటలో, పక్కన నిలబడి ఊరికే చూడటం కూడా వాడటమేనా?”