కిటికీ దగ్గరి మనిషి

కిటికీ దగ్గర ఆ ఆడమనిషి ఇంకా కనిపించేసరికి కరుణకుమారి కూతురి మంచానికి దగ్గరగా జరిగింది.

పొద్దుటి నుంచీ అక్కడే ఉంది. ఊచలు పట్టుకుని, రెప్ప వెయ్యకుండా, మంచం మీది పిల్లనే చూస్తోంది.

డెబ్బయ్యెనిమిదో సంవత్సరం వేసవి. నర్సీపట్నం చివర ఒక చిన్న ఆసుపత్రి.

ఐదేళ్ల సువార్తకి తట్టు పోసింది. అది తగ్గకముందే ఒళ్లంతా ఆటలమ్మ పొక్కులు లేచాయి.

"రెండు వైరస్‌లూ ఒక్కసారే పట్టుకున్నాయమ్మా. నెమ్ము కూడా చేసింది," అన్నారు డాక్టరుగారు.

పొద్దున్న పిల్ల పెదాలు నీలంగా మారిపోయాయి. డొక్కలు ఎగిరెగిరి పడ్డాయి. నర్సు జ్ఞానమణి పరుగున వెళ్లి, ఆక్సిజన్ సిలిండర్ దొర్లించుకొచ్చి ముక్కుకి గొట్టం పెట్టింది.

ఆ వెనకే వచ్చింది ఈ మనిషి.

చింపిరి జుట్టు. కొంగు నిండా వేపాకు పసరు మరకలు. ఈవిడ ఇంట్లోనూ ఏదో రోగం ఉంది!

"ఎవులు నువ్వు? ఏటలా సూస్తన్నావు?"

"పాపకి ఊపిరాడతందా అమ్మా?"

అంటూనే లోపలికి వచ్చేసింది. పిల్ల గుండెల మీదికి చెయ్యి చాచింది.

కరుణకుమారి ఒక్క ఉదుటున అడ్డం పడింది.

"ముట్టుకోకు! ఉన్న రెండూ సాలవా? మూడోది అంటించడానికొచ్చావా? ఎల్లు బయటికి!"

ఆ చెయ్యి గాలిలోనే ఆగింది. ఆమె గోడ పట్టుకుని నడుస్తూ వెళ్లిపోయింది.

చీకటి పడేవేళకి సువార్త కళ్లు తెరిచింది.

"అమ్మా, నీళ్లు..."

నాడి చూసి జ్ఞానమణి తేలిగ్గా నిట్టూర్చింది. "దేవుడు దయ సూశాడు. గండం గడిసినట్టే."

కరుణకుమారి కళ్లు తుడుచుకుంది. "సిస్టరుగారూ, కిటికీ కాడి ఆ మనిషిని మరి రానీకండి. నాకు బెదురుగా ఉంది."

జ్ఞానమణి ఆగిపోయింది.

"ఎలిపోయిందా? పాప తేరుకున్నాక ఎల్తానందే!"

"ఎవులండీ ఆవిడ?"

"కొయ్యూరు కొండల్నుంచి వొచ్చింది. పక్కగదిలో ఆవిడ కొడుక్కీ ఇవే రెండు రోగాలమ్మా," అంది జ్ఞానమణి. "మాకున్నది ఒక్కటే సిలిండరు. ఆడింక దక్కడని డాక్టరుగారు సెప్పేక, 'ఆ పాపకైనా పెట్టండి' అని ఆడి ముక్కు కాడి గొట్టం తీసి నా సేతికిచ్చిన తల్లి."