దెబోరా ఆలస్యం

1983, అక్టోబరు చివరి ఆదివారం. న్యూజెర్సీలో మా తెలుగు చర్చి. ప్రభువు బల్ల సిద్ధం చేయడానికి ఎనిమిదింటికి రమ్మంటే, దెబోరా నా వాచీలో తొమ్మిదికి వచ్చింది.

"ప్రభువుకన్నా నిద్రే ఎక్కువైందా నీకు?" అన్నాను, సంఘపెద్దని కదా.

"తప్పయింది బ్రదర్," అంటూ బల్ల మీద తెల్లగుడ్డ పరిచింది.

పది దాటినా ఆరాధనకి ఒక్కరూ రాలేదు. విసుక్కున్నాను.

"ఇంకా తొమ్మిదే బ్రదర్. చలికాలం వస్తోందిగా, ఏటా లాగే రాత్రి దేశమంతా గడియారాలు గంట వెనక్కి జరిపారు," అంది మెల్లగా.

"నీకెలా తెలుసు?"

"హాస్పిటల్లో నైట్ డ్యూటీ. ఎనిమిది గంటల డ్యూటీ తొమ్మిది గంటలైంది. అటునుంచే వచ్చాను."

"రాగానే చెప్పొచ్చుగా?"

"మీరు కోపంగా ఉన్నారు బ్రదర్."

ఆ పూట నా ప్రసంగం మెలకువగా ఉండటం గురించి. ముందు వరసలోనే దెబోరా నిద్రపోయింది.

మిగతా ప్రసంగం గొంతు తగ్గించి చెప్పాను.